కువైట్‌లో అయిదు గులాబీల పంపకం

నేను కువైట్ వెళ్ళింది ఒక తండ్రి ఆస్తిని అయిదుగురు కొడుకులకు పంచడానికి. ఆ తండ్రి పోయి ఎనిమిది వందల ఏళ్ళయింది. కొడుకులూ లేరు, మనవలూ లేరు, ఆ వంశంలో దీపం పెట్టే మనిషే లేడు. ఆస్తేమో చెక్ దేశంలో ఉంది. పంపకం మాత్రం కువైట్‌లో ఒక స్కూలు హాల్లో, శుక్రవారం సాయంత్రం, జనానికి బిరియానీ పొట్లాలు ఇచ్చే లోపల జరిగిపోవాలి. ఇది చదివి ఈవిడకి మతి పోయిందనుకుంటారేమో. కాస్త ఓపిక పట్టండి.

మాది కోనసీమ. పద్యనాటకాలు ఆడతాను, అదీ మగవేషాలు. మీసం పెట్టుకుని కిరీటం తగిలించుకుంటే నన్ను రాజు కాదనే మగాడు మా జిల్లాలో లేడు. మా చెల్లెలు మంగ, మరిది సత్తిబాబు కువైట్‌లో ఏళ్ళ తరబడి ఉంటున్నారు. అక్కడి తెలుగువాళ్ళ పండగకి నాటకం వెయ్యాలి, వచ్చి రాజు వేషం కట్టమని సత్తిబాబు ఫోను చేశాడు. ఏ రాజు అంటే, "వచ్చాక చెప్తానండి వదినగారూ, మీరు చీరలు మాత్రం తక్కువ సర్దుకోండి, కిరీటం మర్చిపోకండి" అన్నాడు. ఆ పంపకంలో ఒక పెళ్ళి కుదరడమో చెడడమో కూడా తేలిపోతుందని నాకు విమానం ఎక్కేటప్పుడు తెలీదు.

పెట్టెలో గద

ఎయిర్‌పోర్టులో ఆఫీసరు నా పెట్టె తెరవమన్నాడు. పైన పూతరేకులు. అతను వాటిని కాగితాలనుకున్నాడో ఏమో, ఒక్కొక్కటీ విప్పి వెలుతురుకి పెట్టి చూశాడు. చూసినంతసేపట్లో అవి చక్కెర పొడి అయి అతని నల్ల బూట్ల మీద రాలాయి. వాటి కింద కిరీటం, భుజకీర్తులు, గద. గద చూడ్డానికి మణుగు బరువుంటుంది, తీరా చూస్తే తగరపు రేకు. అతను రెండు చేతులా బలంగా ఎత్తబోయి వెనక్కి తూలాడు.

"వాట్?" అన్నాడు.

"డ్రామా" అన్నాను.

"వాట్ డ్రామా?"

నా ఇంగ్లీషు అక్కడితో అయిపోయింది. ఇక చేసేదేముంది, కిరీటం పెట్టుకుని, గద భుజాన వేసుకుని, రాజు నవ్వు నవ్వి చూపించాను. వెనక వరసలో ఒక పసిపిల్ల కెవ్వుమంది. ఆఫీసరు ఇంకో ఆఫీసర్ని పిలిచాడు. అతను నన్ను ఇంకోసారి నవ్వమన్నాడు. నవ్వాను. ఇద్దరూ పొట్ట పట్టుకుని, "యల్లా, యల్లా" అంటూ పంపేశారు.

బయట సత్తిబాబు దండం పెట్టి, "వదినగారూ, కిరీటం తీసెయ్యండి, అందరూ చూత్తన్నారండి" అన్నాడు. తియ్యడం మరిచిపోయి అంతదూరం అలాగే నడిచొచ్చాను.

ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. ఎడారి అంటే ఎండే కదా అని ఒక్క స్వెట్టరూ తీసుకెళ్ళలేదు. జనవరి నెల కువైట్ నా పళ్ళు కటకటలాడించింది. అక్కడున్నన్నాళ్ళూ సత్తిబాబు కోటు వేసుకునే తిరిగాను. మగవేషం నాకు కొత్త కాదు కాబట్టి సరిపోయింది.

అబూ హలీఫా

మంగ వాళ్ళు అద్దెకుండేది అబూ హలీఫాలో. ఒక ఫ్లాటుని చెక్కలతో మూడు కాపురాలుగా విడగొట్టారు. పక్క వాటాలో ఆయన తుమ్మితే మన వాటాలో మంగ "శతాయుష్షు" అంటుంది. పొద్దున్నే సత్తిబాబు రొట్టెల కొట్టు దగ్గర వరసలో నిలబడి వేడివేడి ఖుబ్జ్ తెస్తాడు. మన పుల్కాకి పెద్దన్నయ్యలాంటి రొట్టె అది, ఒకటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వెయ్యదు. దాన్ని మంగ గోంగూర పచ్చడితో పెట్టింది. ఆ కలయిక ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళు చల్లగా ఉండాలి. టీ తాగినప్పుడల్లా దాని ధరని మన రూపాయల్లోకి మార్చుకుని చూసేదాన్ని. మూడోరోజుకి మంగ నన్ను తిట్టింది, మార్చుకుంటూ కూర్చుంటే ఈ దేశంలో మంచినీళ్ళు కూడా దిగవని.

మంగ ఒక కువైటీ ఇంట్లో పెద్దావిడని కనిపెట్టుకుని ఉంటుంది. ఆవిడని మామా అంటారు, అక్కడ అమ్మ అని అర్థం. మామాకి మోకాళ్ళ నొప్పులు. ఏటా వేసవిలో చెక్ దేశం వెళ్ళి, అక్కడ భూమిలోంచి వేడిగా ఉబికే నీళ్ళలో కూర్చుంటుంది. కూడా వెళ్ళిన మంగ కూర్చోదు గానీ తువ్వాలు పట్టుకుని నిలబడుతుంది. అలా వెళ్ళినప్పుడు ఒక రోజు మామాకి బుద్ధిపుట్టి కోట చూడ్డానికి తీసుకెళ్ళింది. మన నాటకం కథ అక్కడ దొరికింది.

"విటెక్ అని ఒకాయనక్కా" అంది మంగ, ఉల్లిపాయలు తరుగుతూ. "రాజుగారి భోజనాల బల్ల మీద పెత్తనం చేసేవాడంట."

"వంటమేస్త్రా?"

"వంటమేస్త్రి మీద మేస్త్రి. రాజుగారికి బాగా కావలసినవాడు. అలా అలా భూములు సంపాయించాడు. అయిదుగురు కొడుకులు. ముగ్గురికి పేరు విటెక్కే."

"తండ్రి పేరూ విటెక్కే కదే! ఇంట్లో 'ఒరే విటెక్కూ, మంచినీళ్ళు తే' అంటే నలుగురు లేచొస్తారు."

"మరందుకే జెండాలిచ్చాడు. ఆళ్ళింటి గుర్తు అయిదు రేకుల గులాబీ. ఒకడికి ఆకుపచ్చది, ఒకడికి బంగారుది, ఒకడికి తెల్లది, ఒకడికి ఎర్రది. ఎర్రదొచ్చినోళ్ళని రోజెంబర్క్‌లంటారు. ఆకుపచ్చోళ్ళ వంశం ఆగిపోతే మేం చూసిన ఆ కోట కూడా ఈ ఎర్రోళ్ళకే వచ్చింది. ఆ దేశంలో రాజుగారి తరవాత ఆళ్ళేనంట."

ఆ రోజెంబర్క్‌ల గురించి గైడు చెప్పినవి మంగ వరసగా చెప్పింది. డబ్బొచ్చాక వాళ్ళకి పాత చుట్టాలు చాల్లేదట, రోము నగరంలో ఎలుగుబంటి గుర్తున్న గొప్ప కుటుంబం ఒకటుంటే మేమూ వాళ్ళమే అని చెప్పుకున్నారట. కోట చుట్టూ ఉన్న కందకంలో ఎలుగుబంట్లని పెంచారు. ఇప్పటికీ అక్కడ ఎలుగుబంట్లున్నాయి. మామా వాటికి ఖర్జూరం వెయ్యబోతే కాపలావాడు వద్దన్నాడట. ఒకాయన దస్తావేజులు కూడా సొంతంగా రాసుకుని, పాత రాజులు ఇచ్చినవే అన్నాడట. అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది ఇంకోటి. వాళ్ళు నేలంతా తవ్వించి చేపల చెరువులు చేశారు.

"చేపల చెరువులా! మన భీమవరం వాళ్ళలాగా?"

"అచ్చం అలాగే. ఒక్కొక్క చెరువు సముద్రమంత. నేను గట్టు మీద నిలబడి మేత ఏం వేస్తారని గైడుని అడిగాను, ఆవిడకి తెలీదంట."

ఆ మాటతో నాకు విటెక్ బంధువైపోయాడు. గద పట్టుకోవడానికి అర్హత ఉన్నవాడే.

"నాలుగే చెప్పావు. అయిదో వాడు?"

మంగ కత్తి ఆపింది. "అయిదోవాడు పెళ్ళాం కొడుకు కాదక్కా. ఆడికి నల్ల గులాబీ. కోటా ఊళ్ళూ అన్నీ ఇచ్చాడు, పువ్వు మాత్రం నల్లది. పంపకం బొమ్మ ఒకటి గీసి పెట్టారు. అందులో అయిదుగురూ ఉన్నారు."

ఇంతకీ తెలుగువాళ్ళ పండగలో చెక్ కథ ఎందుకంటే, ఖర్చు పెట్టుకునేది అబూ ఫైసల్ కాబట్టి. సత్తిబాబు పనిచేసే గాజు షాండిలియర్ల కొట్టు ఆయనది. సరుకంతా చెక్ దేశం నుంచే. చెక్ కథ వేస్తే హాలు, భోజనాలు నావి అన్నాడు. మంగ చెప్పిన కథ సత్తిబాబు ఆయనకి చెప్పాడు. ఆయన "ఖలాస్, ఇదే" అన్నాడు.

ముబారకియా బజారు

గుడ్డ గులాబీలు కొనడానికి పాత బజారు ముబారకియా వెళ్ళాం. అత్తరు కొట్టు, పక్కనే ఎండు నిమ్మకాయల కొట్టు, దాని పక్కన పాదరక్షలు. మా రావులపాలెం సంతకీ దీనికీ పెద్ద తేడా లేదు, ఇక్కడ ఎవడూ మన మీద ఆవుని తోలడు, అంతే. ఎర్ర గులాబీ దొరికింది, తెల్లది దొరికింది, పసుపుదాన్ని బంగారం అనుకోమన్నాం. ఆకుపచ్చ గులాబీ దొరకదనుకుంటే అది కూడా ఉంది. నల్లది మాత్రం బజారంతా తిరిగినా లేదు. కొట్టువాడు ఇరానీ ముసలాయన, "నల్ల పువ్వు ఎవరికమ్మా?" అని ఉర్దూలో అడిగాడు. ఒక కొడుక్కి అన్నాను. ఆయన నా వంక అదోలా చూసి, తెల్ల గులాబీ ఇంకోటి ఊరికే ఇచ్చాడు.

దానికి అక్కడే బూట్ పాలిష్ కొని పూశాం. అది ఎంతకీ ఆరదు. ముట్టుకున్నవాళ్ళందరి చేతులకీ, ఆ చేతుల నుంచి మొహాలకీ అంటుకుంది. మధ్యాహ్నం హోటల్లో మచ్‌బూస్ తెప్పించారు. అన్నం, మాంసం, ఎండు నిమ్మకాయ వేసి వండుతారు. బిరియానీ అనుకుని కారం కోసం చూడకండి, లేదు. పక్కనే జుబైదీ చేప వేపుడు. అది మన చందువాయే. చేప కనపడగానే పొరుగూరి మనిషి కనపడినట్టయి, ముల్లు కూడా వదలకుండా తిన్నాను. చెయ్యి తుడుచుకున్న తెల్ల గుడ్డ నల్లబడింది. చేప మాడిందనుకుని వెయిటరు వంటవాడితో పోట్లాడాడు.

మహబూలా

రిహార్సల్సు మహబూలాలో. బాచిలర్సు ఉండే ఒక గదిలో పరుపులు గోడకి నిలబెట్టి మాకు చోటిచ్చారు. కొడుకుల వేషాలకి అయిదుగురు వచ్చారు. ఏసీ మెకానిక్కు బుల్లబ్బాయి మా అమలాపురం వైపువాడు. ఒకాయన కిరాణా కొట్టులో పనిచేస్తాడు, ఒకాయన వంటవాడు. మిగిలిన ఇద్దరూ రాయచోటి పక్కవాళ్ళు. ఒకరికి నలభై దాటాయి, ఆఫీసు డ్రైవరు. రెండోవాడికి ముప్పై లోపు, కువైటీ ఇంట్లో తోట చూస్తాడు.

"నీ పేరేంటి బాబూ?"

"వెంకటరమణ" అన్నాడు డ్రైవరు.

"నీ పేరు?"

"వెంకటరమణ" అన్నాడు తోటపని అతను.

"చుట్టాలా?"

ఒకడు కిటికీ చూశాడు. ఇంకొకడు పరుపు చూశాడు. "ఒకే ఊరు" అన్నాడు డ్రైవరు.

"అయితే నువ్వు పెద్ద రమణ, నువ్వు చిన్న రమణ" అన్నాను. నవ్వు రాలేదేమా అని ఇంకాస్త హాస్యం జోడించాను. "విటెక్ గారింట్లో కూడా ఇంతేనర్రా, అందరికీ ఒకటే పేరు!"

బుల్లబ్బాయికి పొలమారింది. నేను పట్టించుకోలేదు. నాకు స్టేజి ఎక్కితే ఎదటివాళ్ళ మొహాలు కనపడవు, రిహార్సల్లోనూ అంతే. పొడుగ్గా ఉన్నాడని ఎర్ర గులాబీ పెద్ద రమణకిచ్చాను. వరసలో చివర నిలబడ్డాడని నల్లది చిన్న రమణకిచ్చాను. "పెళ్ళాం కొడుకు కాని కొడుకువి నువ్వు. తల వంచుకుని ఏడుపుమొహం పెట్టు" అని చెప్పి, ఎలా పెట్టాలో కూడా చూపించాను.

రిహార్సలయ్యాక టీ గ్లాసులు కడుగుతుంటే చిన్న రమణ వంటగదిలోకి వచ్చాడు.

"అక్కా, నల్లపువ్వు నేను యెయ్యలేనక్కా."

"ఏం? రంగంటుకుంటుందనా?"

"అది కాదక్కా. ఆయన మా అన్న. మా నాయనకు రెండిండ్లు. రెండిండ్లలోనూ తాత పేరే పెట్టినాడు. పేరన్నా సమానంగా పెట్టమని మా యమ్మ పట్టుబట్టిందంట."

నా చేతిలో గ్లాసు సింకులో పడింది. పొద్దుణ్ణించీ నేను మాట్లాడిన ప్రతి మాటా వరసగా గుర్తొచ్చింది.

"ఇప్పుడు నాకు సంబంధం వచ్చిండాదక్కా. ఆ యమ్మి మేనమామ ఈడనే, మహబూలాలోనే ఉండాడు. 'పిల్లోడు మంచోడే, నాయన లేడు, ఇంటికి పెద్ద ఎవరో రానీ. మీ అన్న వచ్చి కూసుంటేనే మాట్లాడేది' అన్నాడు. మా అన్న నన్ను పలకరించడు. ఎదురుపడినా ఎవురో అన్నట్టు పోతాడు. ఆ మేనమామ డ్రామా చూసేకి వస్తాండాడు. ఆయప్ప ముందర నేను నల్లపువ్వు పట్టుకోని నిలబడితే ఇంగేముందక్కా?"

అతనికి కావలసింది ఒక్కటే. అన్న నోటి నుంచి తమ్ముడు అనే మాట. అది నాటకం కాదు కాబట్టి నా చేతిలో లేదు.

వేషాలు మార్చేద్దామనుకున్నాను. నల్ల గులాబీ ఎవడూ ముట్టుకోడు. మా వైపు ఒక చిక్కుంది. నాటకంలో వేసిన వేషం మనిషికి అంటుకుపోతుంది. మా ఊళ్ళో ఒక పంతులుగారు ఎప్పుడో పిసినారి వేషం కట్టారు. ఆయన బడికి సొంత డబ్బుతో గది కట్టించినా పిసినారి మాస్టారనే అంటారు.

"అయ్‌బాబోయ్, నాకొద్దండి" అన్నాడు బుల్లబ్బాయి. "మా అత్తగారు ఫోన్లో లైవు చూత్తారండి. మా మాంగారి మీద అసలే అనుమానం, ఇప్పుడు నా మీద కూడా మొదలెడతారండి."

వంటవాడు దణ్ణం పెట్టేశాడు. కిరాణా ఆయన మర్నాడు ఫోనే ఎత్తలేదు. పోనీ కొడుకుల్ని నలుగురు చేసేద్దామన్నాను. అబూ ఫైసల్ ఒప్పుకోలేదు, పువ్వుకి అయిదు రేకులుంటే కొడుకులు అయిదుగురే అన్నాడు. మంగ అంతకన్నా గట్టిగా అడ్డుపడింది. "ఆడికి తండ్రి భాగమిచ్చాడక్కా. ఎనిమిదొందలేళ్ళ తరవాత నువ్వు లేకుండా చేస్తావా?"

చివరికి చిన్న రమణే అన్నాడు. "పోనీలే అక్కా, నేనే యేస్తా. అబద్ధమేం కాదు గదా."

బ్నీద్ అల్ గార్

నా నోరు ఊరుకోదు. పెద్ద రమణ బ్నీద్ అల్ గార్‌లో ఉంటాడని తెలిసి, ఊరు చూడాలని వంక పెట్టి అతని సెలవురోజున వెళ్ళాను. మర్యాదస్తుడు. కారులో సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి, కరక్ టీ ఇప్పించాడు. యాలకులు వేసి, బాగా మరిగించి, పంచదార కుమ్మరిస్తారు. మన పెళ్ళిటీకి చుట్టం.

ఒడ్డున కూర్చుని రాజుల సంగతి ఎత్తాను. రోజెంబర్క్‌లు ఎంత ఎత్తుకెదిగారో చెప్పాను. ఎలుగుబంట్లూ చెరువులూ చెప్పాను. చివరివాడికి పిల్లల్లేరు, కోట రాజుకి అమ్ముకున్నాడు, ఇప్పుడు ఎర్రవాళ్ళూ లేరు, నల్లవాళ్ళూ లేరు, పంపకం బొమ్మలో మాత్రం అయిదుగురూ కలిసి ఉన్నారని చెప్పాను. కంఠంలో కాస్త కల్యాణి రాగం కూడా కలిపాను.

అతను టీ అయ్యేదాకా విన్నాడు. "అక్కా, సంబంధం కోసరం వాడు పంపించినాడా నిన్ను?"

"లేదు బాబూ. నా ఒట్టు."

"మా యమ్మకు మాటిచ్చినా, ఆ ఇంటోళ్ళతో మాట్లాడనని."

"అమ్మగారు ఎలా ఉన్నారు?"

"పోయి రెండేండ్లాయ."

"మరి ఇంకేంటయ్యా?"

అతను సముద్రం వంక తిరిగాడు. "మాట్లాడకుండా ఉండేది అలవాటైపాయక్కా. ఇప్పుడు యాడ మొదలుపెట్టల్లనో తెలీదు." గ్లాసు కింద పెట్టి, "ఖలాస్, ఆ సంగతి వద్దు" అని లేచాడు.

ఇంకేదో అనబోయి చెయ్యి విసిరాను. నా టీ అతని తెల్ల చొక్కా మీద పడింది. రాజీ కుదర్చడానికి వెళ్ళి చొక్కా పాడుచేసి వచ్చానని మంగకి చెప్తే, "నువ్వు వేషం కట్టక్కా, అదొక్కటే వచ్చు నీకు" అంది.

స్కూలు హాలు

శుక్రవారం హాలు నిండింది. కడపవాళ్ళు ఒక పక్క, గోదావరివాళ్ళు ఒక పక్క, మధ్యలో పిల్లలు. ముందు వరసలో అబూ ఫైసల్ కాళ్ళ దాకా వేలాడే తెల్లటి దిష్‌దాషాలో కూర్చున్నాడు. భుజకీర్తులతో, గదతో, కోరమీసంతో నేను రాగానే ఆయన సత్తిబాబు వైపు తిరిగి, "చెక్?" అన్నాడు.

"చెక్, బాబా. ఓల్డ్ చెక్. వెరీ ఓల్డ్" అన్నాడు సత్తిబాబు, మొహం చలించకుండా.

మూడో వరసలో ఒక బట్టతలాయన ఫోను ఎత్తిపట్టుకుని తీస్తున్నాడు. పెళ్ళికూతురి మేనమామ ఆయనేనని బుల్లబ్బాయి చెవిలో చెప్పాడు. తెర వెనక చిన్న రమణ గోడకి ఆనుకుని ఉన్నాడు. మొహాన రంగు వేసినా పాలిపోయినట్టే కనపడుతున్నాడు. పెద్ద రమణ అతనికి ఎంత దూరంగా నిలబడొచ్చో అంత దూరంగా నిలబడ్డాడు.

పంపకం మొదలైంది. పళ్ళెంలో అయిదు పువ్వులు. ఒక్కో కొడుకునీ పిలిచి, రాజ్యం పేరు చెప్పి, గుండె మీద పువ్వు గుచ్చాలి. ఆకుపచ్చది బుల్లబ్బాయికి. బంగారుది వంటవాడికి. తెల్లది కిరాణా ఆయనకి. తరవాత గొంతు సవరించుకుని, "ఈ ఎర్ర గులాబీ ఎవరిది?" అని రాగం తీశాను.

పెద్ద రమణ ముందుకొచ్చాడు. పువ్వు గుచ్చబోతే నా చేతిలోంచి తీసుకున్నాడు. వెనక్కి నడిచి, వరసలో చివరికి వెళ్ళి, చిన్న రమణ గుండె మీద పెట్టాడు. తిరిగొచ్చి పళ్ళెంలోని నల్లపువ్వు తీసి తన చొక్కాకి గుచ్చుకున్నాడు.

"నల్లది నాది, నాయనా" అన్నాడు. "ఎర్రది మా తమ్మునికి."

పక్క తెర వెనక నుంచి సత్తిబాబు పెద్దగా, "వదినగారూ, తప్పండి, తప్పు! ఎర్రది పెద్దాయనదండి!" అంటున్నాడు. నాకు తరవాతి వచనం గుర్తు రాలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదు. చిన్న రమణ గుండె మీది పువ్వుని చేత్తో అదిమి పట్టుకున్నాడు, అది ఎగిరిపోతుందేమో అన్నట్టు. జనానికి ఇదంతా నాటకమే. చప్పట్లు మోగాయి. వెనక నుంచి ఎవరో, "వన్స్‌మోర్!" అని అరిచారు. హాలంతా అందుకుంది.

పద్యనాటకంలో వన్స్‌మోర్ అంటే ఆజ్ఞ. చచ్చే వేషమైనా సరే లేచి మళ్ళీ చావాలి. నేను సింహాసనం దిగొచ్చి పువ్వులు రెండూ వెనక్కి తీసుకుని పళ్ళెంలో పెట్టాను. మొదటిసారి పెద్ద రమణ అన్నది ఊపులో అన్నాడేమో, మర్చిపోయి అన్నాడేమో. ఇప్పుడు సరిగ్గా నాటకంలో ఉన్నట్టు ఆడితే ఎవరూ ఏమీ అనుకోరు. సత్తిబాబు తెర పక్క నుంచి ఎర్రది, పెద్దాయన, అని సైగలు చేస్తూనే ఉన్నాడు.

"ఈ ఎర్ర గులాబీ ఎవరిది?" అన్నాను. ఈసారి రాగం రాలేదు, ఉత్త మాటే వచ్చింది.

పెద్ద రమణ పువ్వు తీసుకున్నాడు. మళ్ళీ అదే దారిన నడిచాడు. తమ్ముడి ఎదురుగా నిలబడి, ఈసారి నిదానంగా గుచ్చాడు. తిరిగి జనం వైపు చూశాడు.

"నల్లది నాది, నాయనా. ఎర్రది మా తమ్మునికి." చెయ్యి తమ్ముడి వైపు చాపి, "వెంకటరమణకు" అన్నాడు.

విటెక్ కొడుకుల్లో వెంకటరమణ లేడని ఆ హాల్లో అందరికీ తెలుసు. కడపవాళ్ళ పక్కన చప్పట్లు ఆగిపోయాయి. మూడో వరసలో ఫోను కిందికి దిగింది. నాకు ఏడుపొచ్చేసింది. రాజు ఏడవకూడదని చిన్నప్పుడు మా గురువుగారు చెప్పారు. మీసం తడిసి పెదవి మీదికి జారుతుంటే గద అడ్డం పెట్టుకుని, తెర వెయ్యమని సైగ చేశాను.

అబూ ఫైసల్ స్టేజి మీదికొచ్చి అందరి చేతులూ పట్టుకున్నాడు. ఒక్క మాటా అర్థం కాకపోయినా కళ్ళు తుడుచుకున్నాడు. మా ఇళ్ళలో కూడా పంపకాలప్పుడు ఇలాగే ఉంటుందని సత్తిబాబుతో అరబ్బీలో అన్నాడట. పెద్ద రమణ చేతికంటిన నలుపు ఆయన దిష్‌దాషాకి అంటింది. ఆయన చూసుకోలేదు, సత్తిబాబు చూసి గుండె పట్టుకున్నాడు.

బిరియానీ పొట్లాల హడావిడిలో మేనమామ మెల్లగా తెర వెనక్కి వచ్చాడు. చిన్న రమణ వైపు చూడనైనా చూడలేదు, నేరుగా పెద్ద రమణ ముందు నిలబడ్డాడు.

"ఏమప్పా, నువ్వేనా ఆ పిల్లోని అన్న?"

"అవును."

"ఇన్నాళ్ళూ కనపడకపోతివే?"

"తప్పు నాదేలే. ఇప్పుడు చెప్పు, యేం మాట్లాడల్లనో నాతో మాట్లాడు" అన్నాడు పెద్ద రమణ. చిన్న రమణ ఇంకా ఎర్రపువ్వు పట్టుకుని అలాగే చూస్తున్నాడు. అన్న అతని వైపు తిరిగి, ఏ రోజూ మాట్లాడడం మానని మనిషిలా కసిరాడు.

"ఏమిరా, దిష్టిబొమ్మ మాదిరి నిలబడినావు? మామకు కుర్చీ యెయ్యి."

హాల్లో కుర్చీలన్నిట్లో జనం కూర్చుని తింటున్నారు. ఖాళీగా ఉన్నది నా సింహాసనం ఒక్కటే. చిన్న రమణ ఒక్క పరుగున వెళ్ళి దాన్నే ఎత్తుకొచ్చాడు.